దూరదేశము ఎంత దూరము?

లూకా సువార్త 15వ అధ్యాయము, 11 మొదలు 32 వచనములు చదువుడి.



చిన్నకుమారుడు దూరదేశమునకు ప్రయాణమై పోయెనని ప్రభువు చెప్పెను గాని, ఆ దేశము ఎన్ని ఆమడలో చెప్పలేదు. నేడు మన సంఘములలోని తల్లులు, “అయ్యగారూ, మా అబ్బాయి ఉన్న అమెరికా ఎంత దూరమండీ?” అని అడుగుచుందురు. వారి బిడ్డలు తప్పిపోయినవారు కారు, కష్టించి బ్రతుకుచున్నవారే. అయినను తల్లికి దూరము దూరమే గదా.

శాన్ ఫ్రాన్సిస్కో నుండి బెంగళూరునకు దగ్గరి దారి సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరి 9వ తేదీ శనివారము రాత్రి సుమారు 8 గంటల 30 నిమిషములకు ఎయిర్ ఇండియా విమానమొకటి అక్కడ బయలుదేరి, నడుమ ఎక్కడను దిగక, ఉత్తర ధ్రువము మీదుగా వచ్చి, 11వ తేదీ సోమవారము తెల్లవారుజామున బెంగళూరులో దిగెను. దానిని నడిపిన కెప్టెన్ జోయా అగర్వాలును, ఆమెతోకూడ ఉన్న పైలట్లును అందరు స్త్రీలే. ఆడపిల్లకు చదువెందుకను పెద్దలు ఈ మాట గమనింతురు గాక.

తూర్పుననున్న మన దేశమునకు ఉత్తరముగా ఏల పోవలెను? ఒక బత్తాయిపండు తీసికొని, రెండు ప్రక్కల ఎదురెదురుగా రెండు గుర్తులు పెట్టి, నడుమకు కొంచెము పైగా ఉండునట్లు చూచుకొని, దారము బిగించి చూడుడి. దారము పండు నడుమ చుట్టూ పోదు, తొడిమ దగ్గరగా పోవును. గోడమీది పటములో వంకరగా కనబడు దారియే భూమిమీద దగ్గరి దారి.

శనివారమునుండి సోమవారమనగా రెండు దినములని భయపడనక్కరలేదు. శీతకాలములో వారి గడియారము మనకంటె 13 గంటల 30 నిమిషములు వెనుక నడచును. విమానము అక్కడ శనివారము రాత్రి లేచినప్పుడు మనకు ఆదివారము ఉదయము 10 గంటలు, ఆరాధన వేళ. ప్రయాణము నిజముగా సుమారు 17 గంటలే.

పూర్వము ఇట్లు కాదు. మన తెలుగువారియొద్దకు వచ్చిన శామ్యూల్ డే దొరగారు 1835 సెప్టెంబరులో బోస్టనులో ఓడ ఎక్కి, 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరిరి. ఉత్తరము వ్రాసినను అన్ని నెలలే పట్టెడిది.

ఇప్పుడు ఒక మాట చెప్పనిండు. తండ్రి మరణించెనని కబురు అందగానే అమెరికాలోని కుమారుడు ఆ దూరమంతయు దాటి, మూడవనాటికి సమాధియొద్ద నిలుచుట మన గ్రామములలో చూచుచున్నాము. పొలము గట్టు తగాదాచేత, ఒక గోడ అవతలనున్న అన్న రాకపోవుటయు చూచుచున్నాము. ఆ 14,000 కిలోమీటర్లకు టిక్కెట్టు దొరకును. ఈ గోడకు ఏ విమానము ఎక్కవలెను?

లూకా వ్రాసిన వృత్తాంతములో పెద్దకుమారుడు ఏ దేశమునకును పోలేదు. పొలమునుండి వచ్చి ఇంటియొద్దనే నిలిచెను, వాద్యముల ధ్వని అతనికి వినబడుచునే యుండెను. అయినను గడప దాటనొల్లకపోయెను. తండ్రి చిన్నవానికి ఎదురు పరుగెత్తినట్లే, ఇతనికొరకును వెలుపలికి వచ్చి బ్రతిమాలెను. అతడు లోపలికి వెళ్లెనో లేదో అక్కడ వ్రాయబడలేదు.