పట్టి విడిచిన చేప

ప్రాణులను హింసింపరాదనుట పెద్దలందఱును చెప్పు మాటయే. కాని హింస యనగా నేమి యని ప్రశ్నించినపుడు అందఱి సమాధానమును ఒక్క తీరుగ నుండదు. ప్రాణము తీయుటయే హింస యని కొందఱందురు. ప్రాణము తీయకున్నను భయపెట్టుటయు, నొప్పించుటయు హింసయే యని మఱికొందఱందురు. ఈ భేదము పైకి స్వల్పముగ కనిపించినను, గృహస్థుని నిత్యజీవితమున ఎంతటి చిక్కును తెచ్చిపెట్టునో ఒక యుదాహరణముచే విచారింపవచ్చును. అది అమెరికా దేశపు సరస్సులలోను, నదులలోను సాగు గాలపు వినోదము.

ఆ దేశమున బాస్ అనియు, క్రాపీ అనియు పిలువబడు మంచినీటి చేపలు కలవు. బాస్ బలము గలది. గాలమునకు చిక్కిన పిదప గట్టిగ పెనుగులాడునది. క్రాపీ చిన్నది, రుచికి పేరుపొందినది. సెలవు దినములలో లక్షలాది జనులు గాలపు కఱ్ఱలతో జలాశయములకు పోయి వీనిని పట్టుచుందురు. వీరిలో పెక్కుమందికి ఇది జీవనోపాధి కాదు, ఆకలి తీర్చుకొను మార్గమును కాదు, వినోదము మాత్రమే. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ 1653లో ఈ వినోదమును ప్రశంసించుచు ఒక గ్రంథమునే ప్రకటించెను. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున 1932లో జార్జి పెర్రీ అనునతడు పట్టిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు, అనగా సుమారు 10 కిలోలు తూగినది. 2009లో జపానులోని బివా సరస్సున దానికి సాటియైన చేప దొరకువఱకు అంతటిది వేఱొకటి నమోదు కాలేదు. పెర్రీ కుటుంబము ఆ చేపను వండుకొని తిన్నదని చెప్పుదురు. తరువాతి కాలమున పద్ధతి మాఱినది. 1967లో ఆర్కన్సాస్ రాష్ట్రపు బీవర్ సరస్సున బాస్ పోటీని నిర్వహించిన రే స్కాట్, 1972 నుండి పట్టిన చేపను చంపక విడువవలెనని ప్రచారము చేసెను. ఇపుడు బాస్ పోటీలలో చేపను తూచి, సజీవముగ నీటిలో విడుచుట ఆచారమైనది.

ఈ సంగతి మనకేల యని పాఠకులు అనుకొనవచ్చును. టెక్సాస్ మొదలగు రాష్ట్రములలో తెలుగు కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. వైష్ణవ సంప్రదాయమున పెరిగి మాంసమును ముట్టని యిండ్లును వానిలో కలవు. ఆ యిండ్ల పిల్లలను తోడి విద్యార్థులు సరస్సునకు పిలుతురు. టెక్సాస్ లో 17 ఏండ్లు నిండని వారికి అనుమతి పత్రముతో కూడ పనిలేదు. “తాతగారూ, మేము చేపను చంపము, తినము. పట్టి, చూచి, మరల నీటిలో విడిచెదము. ఇందులో దోషమేమి?” అని మనుమడు అడిగినచో పెద్దలేమి చెప్పవలెను? గద్దించి ఊరకుండుట సమాధానము కాదు. పూర్వపక్షమును పూర్తిగ విని పిదప సిద్ధాంతము చేయుట మన పూర్వులు చూపిన మార్గము.

పూర్వపక్షము ఇట్టిది. చంపి తినువానికంటె విడుచువాడు దయగలవాడు గదా! చేప యనునది అల్పప్రాణి. దానికి మనుష్యునివలె నొప్పి తెలియునని చెప్పజాలము. పైగా ఈ వినోదము వలననే సరస్సులు రక్షింపబడుచున్నవి. 1950లో అమెరికా ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము గాలములు, కఱ్ఱలు మొదలగు సాధనములపై వచ్చు పన్ను మత్స్యసంరక్షణకు వినియోగపడుచున్నది. చేపలపై వారికి ప్రేమ లేదనుటయు పొసగదు. 1986లో టెక్సాస్ లోని లేక్ ఫోర్క్ జలాశయమున 8 కిలోల బాస్ ఒకటి పట్టుపడినది. దానికి ఎథెల్ అని పేరుపెట్టి, మిస్సోరీ రాష్ట్రమున ఒక దుకాణపు గాజు తొట్టిలో పెంచిరి. 1994లో అది మరణించినపుడు దాని కొఱకు సంస్మరణ సభ కూడ జరిపిరి. ఇంత ప్రేమగలవారిని హింసకులనుట న్యాయమా?

ఈ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. కావున దీనిని అంశములుగ విభజించి పరిశీలింపవలెను.

మొదటిది నొప్పిని గుఱించినది. లిన్ స్నెడ్డన్ మొదలగు శాస్త్రజ్ఞులు ట్రౌట్ అను చేపల ముఖభాగమున నొప్పిని గ్రహించు నాడులు కలవని 2003లో ప్రకటించిరి. పెదవులలోనికి ఆమ్లమును ఎక్కించినపుడు ఆ చేపలు చాలసేపు మేత ముట్టలేదు. పెదవులను అడుగునందలి గులకరాళ్లకు రాచుకొన్నవి. మనుష్యుని మెదడునందలి పై పొర చేపకు లేదు కావున అది బాధను అనుభవింపదని వాదించు శాస్త్రజ్ఞులును కలరు. సరే, సందేహమే మిగిలినదనుకొందము. సందేహము గలచోట బాణము వేయవచ్చునా? సరయూతీరమున చీకటిలో వినబడిన శబ్దము ఏనుగుదో, మఱి దేనిదో దశరథుడు చూడలేదు. ఏనుగే యని యెంచి శబ్దవేధి బాణమును విడిచెను. అది నీటి కుండను ముంచుకొనుచున్న మునికుమారునికి తగిలినది. తెలియమి ఆయనను కాపాడలేదు; పుత్రశోకమున ప్రాణములు విడువవలసి వచ్చినది. ఎదుటి ప్రాణికి బాధ కలదో లేదో తెలియనపుడు, కలదని యెంచి వెనుదీయుటయే ధర్మమార్గము.

రెండవది, విడిచిన చేప బ్రదుకునా యనునది. పెక్కు పరిశోధనల ఫలితములను 2005లో ఒకచో చేర్చి చూడగా, గాలమున పట్టి విడిచిన చేపలలో సగటున నూటికి 18 మరణించుచున్నట్లు తేలినది. జాతిని బట్టియు, నీటి వేడిమిని బట్టియు, గాలము పెదవికి తగిలినదా, లోతుగ మొప్పలకు తగిలినదా యనుదానిని బట్టియు ఈ సంఖ్య మాఱుచుండును. క్రాపీ విషయము ఇంకను విచిత్రము. చలికాలమున అది లోతైన నీటిలో నుండును. అచ్చటినుండి వేగముగ పైకి లాగినపుడు నీటి ఒత్తిడి తగ్గి, కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోవును. విడిచినను అది మరల లోతునకు దిగజాలక చచ్చును. అందువలన టెక్సాస్ అధికారులు లేక్ ఫోర్క్ వంటి జలాశయములలో చలికాలమునకు ప్రత్యేక నియమమును ఏర్పఱచిరి. పట్టిన క్రాపీ ఎంత చిన్నదైనను విడువక ఉంచుకొనవలెనట! విడుచుటయే దయ యను మాట ఆ నీటిలో నిలువలేదు. స్విట్జర్లండు దేశమున 2008లో వెలువడిన జంతుసంరక్షణ నియమావళి మఱియొక అడుగు ముందుకు వేసి, విడువవలెనను ఉద్దేశముతో చేపను పట్టుటనే నిషేధించినది. ఆహారమునకు కాక క్రీడకై నొప్పించుట తగదని ఆ నియమపు తాత్పర్యము. తిననందువలన దోషము తగ్గినదని బాలుడు తలచుచుండగా, తినకున్నచో పట్టుటకు కారణమే లేదని ఆ నియమము చెప్పుచున్నది.

మూడవది కాలమును గుఱించినది. వసంతమున నీరు వెచ్చబడగనే మగ బాస్ గట్టు దగ్గఱ లోతు తక్కువైన చోట తోకతో అడుగును ఊడ్చి గూడు చేయును. ఆడుచేప గ్రుడ్లు పెట్టి పోయిన పిదప, మగచేపయే ఆ గ్రుడ్లను, పిదప పిల్లలను కనిపెట్టుకొని యుండును. ఆ దినములలో అది మేత వెదకికొనుటకు దూరము పోదు. గూటి దగ్గఱకు వచ్చిన దేనినైనను తఱుమును. గాలము వేయువారిలో కొందఱు అపుడు రబ్బరు పురుగును గూటిలోనికి జాఱవిడుతురు. చేప దానిని ఆకలిచే గాక, పిల్లల రక్షణకై నోట కఱచి చిక్కును. దానిని పడవలోనికి తీసి, కొలిచి, ఛాయాచిత్రము తీసికొని విడుచులోపల ఇతర చేపలు వచ్చి గ్రుడ్లను తినివేయును.

చేప తన పిల్లలను చూపుచేతను, తాబేలు తలపుచేతను, పక్షి స్పర్శచేతను పోషించునని మన పెద్దలు చెప్పుదురు. గూటి ముందు నిలిచిన బాస్ ఆ మాటకు ప్రత్యక్ష నిదర్శనము. భాగవతమున అవధూత చేపను తన గురువులలో ఒకటిగ పేర్కొనెను. జిహ్వాచాపల్యముచే గాలమునకు చిక్కి చచ్చునది గనుక అది జితేంద్రియత్వమును బోధించునని ఆయన తాత్పర్యము. కాని గూటి చేపను చిక్కించునది జిహ్వాచాపల్యము కాదు, వాత్సల్యము. లోభమునకు ఎర వేయుట ఒకటి; వాత్సల్యమునకు ఎర వేయుట మఱియొకటి. మృగరూపమున భార్యతో కూడియున్న కిందమమునిని పాండురాజు కొట్టినపుడు ఆ ముని యేమనెను? రాజులు మృగములను వేటాడుటను ఆయన ప్రధాన దోషముగ ఎంచలేదు. అట్టి సమయమున కొట్టుటయే క్రూరమని నిందించెను. చేసిన పనితోపాటు చేసిన వేళయు దోషమును పెంచునని అందుండి తెలియవలెను.

ఇక సిద్ధాంతము. హింసను కొలుచుటకు మరణమొక్కటే కొలబద్ద కాదు. ఎదుటి ప్రాణికి కలిగిన భయమును, చేసినవానికి గల ప్రయోజనమును కూడ చూడవలెను. జాలరి వల వేయుట తన బిడ్డల ఆకలి కొఱకు. ఆ వృత్తిని తక్కువగ చూచుట వైష్ణవునకు తగదు. నిషాదరాజగు గుహుడు భరతునకు కానుకగ తెచ్చిన వానిలో చేపలును కలవని వాల్మీకి చెప్పెను. ఆ గుహుని శ్రీరాముడు తనకు ప్రాణసఖునిగ ఆదరించెను. రాజులకు వేట అలవాటేయైనను మనువు దానిని కామమువలన పుట్టు వ్యసనములలో చేర్చెను. అవసరము లేనిచోట ప్రాణిని బాధించి సంతోషించుట మనస్సునకు అలవాటగునని దాని భావము. పన్నువలన సరస్సులు బాగుపడుట మెచ్చదగినదే. కాని ధనము మంచి పనికి వినియోగపడుట వేఱు. ఆ ధనమును తెచ్చిన కార్యము నిర్దోషమగుట వేఱు. ఎథెల్ కొఱకు సభ జరిపినవారి ప్రేమయు నిజమే. పేరుపెట్టిన చేపపై కలిగిన ఆ ప్రేమ పేరులేని చేపకు ఏల అందకూడదని మాత్రమే అడుగవలసియున్నది.

అట్లని పరులను నిందించుచు కూర్చుండుట వలన ప్రయోజనము లేదు. పట్టుబట్ట కట్టి దేవుని సన్నిధికి పోవు ఇల్లాలి చీరకై వేలకొలది పట్టుకాయలు వేడినీటిలో పడినవి. లోనున్న పురుగు అక్కడనే చచ్చినది. మనకు కనబడని హింస మనది కాదనుకొనుట సులభము. చేసినది, చేయించినది, అనుమోదించినది యని పతంజలి హింసను మూడుగ విభజించినది ఈ సౌలభ్యమును తొలగించుటకే. యోగసూత్రములకు వ్యాసభాష్యమున మఱియొక మాట కలదు. చేపలను తప్ప వేఱొక ప్రాణిని హింసింపనను జాలరి వ్రతమును కూడ ఆ భాష్యము అహింసగనే గ్రహించినది. అయితే అది పరిమితమైన అహింస, మహావ్రతము కాదు. అనగా అహింసకు మెట్లు కలవు. పై మెట్టు ఎక్కలేనివాడు క్రింది మెట్టుపై కాలు మోపరాదని శాస్త్రము చెప్పలేదు.

కావున మనుమనికి చెప్పవలసినది ఇది. నాయనా, స్నేహితులతో సరస్సునకు పొమ్ము. వసంతమున గట్టున నిలిచి చూచినచో తేటనీటిలో గూటిని కాచుకొను చేప కనబడును. చూచుటకు గాలముతో పనిలేదు. నీవు గాలము పట్టకుము. పట్టు స్నేహితుని అవమానింపకుము. అతడు అడిగినచో, గూటి చేపను వదలివేయుమనియు, ముల్లులేని గాలమును వాడుమనియు, పొడి చేతులతో చేపను తాకి దాని యొడలి జిగురు పొరను చెఱుపవలదనియు, నీటివెలుపల నిలుపవలదనియు చెప్పుము. అది అతనికి మొదటి మెట్టు.

సత్యవ్రత మహారాజు కథను వైష్ణవు లెఱుగనివారు కారు. కృతమాలా నదిలో తర్పణము చేయుచుండగా ఆయన దోసిటిలోనికి చిన్న చేప వచ్చెను. రాజు దానిని పట్టలేదు, గాయపఱుపలేదు. నీటితోపాటు నదిలోనే విడిచెను. అపుడా చేప, జాతిని చంపుకొను జలచరములకు భయపడు నన్ను ఈ నదిలో ఏల విడుచుచున్నావని అడిగెను. విడుచుటతో తన పని తీఱినదని రాజు తలంపలేదు. కలశమున చేర్చెను, అది చాలనపుడు పెద్ద పాత్రలోనికి, మడుగులోనికి, సరస్సులోనికి మార్చుచు పోయెను. నాగలాపురమున వేదనారాయణస్వామిని దర్శించు యాత్రికులు మత్స్యరూపముగల ఆ స్వామినే చూచుచున్నారు. దోసిట పడిన ప్రాణిని చంపకుండుట దయకు ఆరంభము. దాని భయము తీఱువఱకు దానిని గుఱించి ఆలోచించుట దయకు పూర్ణత. ఆడుకొనుటకై పట్టి విడుచువాడు ఆ భయమును తానే కల్పించుచున్నాడు. సత్యవ్రతుడు తాను కల్పింపని భయమునకు కూడ బాధ్యత వహించెను.