చుక్కలు కలిపే మెదడు

ధనుర్మాసపు ఉదయాన కాట్పాడి, గుడియాత్తం ప్రాంతాల తెలుగువారి వాకిట కళ్లాపి చల్లి, 15 చుక్కలు పెట్టి, సందుచుక్కలు 8 వచ్చేవరకు ఇరువైపులా నింపితే, ఒక్క గీతైనా పడకముందే అక్కడ ఆరు భుజాల ఆకారం కనబడుతుంది. నేల మీద ఉన్నవి మాత్రం విడివిడి చుక్కలే. దగ్గరగా ఉన్నవాటిని ఒక గుంపుగా చూసే ఈ స్వభావాన్ని మనోవిజ్ఞాని మాక్స్ వెర్తైమర్ 1923లో చుక్కల బొమ్మలతోనే వివరించడం ముగ్గులు వేసేవారికి వింతగా తోచకపోవచ్చు.

చూపు సంకేతాలను మొదట అందుకునే మెదడు పైపొరను ప్రాథమిక దృశ్య వల్కలం అంటారు. అక్కడి ఒక్కొక్క నాడీకణం దృశ్యంలో తనకు దక్కిన కొద్దిపాటి మేరలో, తనకు తగిన వాలుతో ఉన్న గీత కనబడితేనే చురుగ్గా స్పందిస్తుందని శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజల్ పిల్లుల మీద ప్రయోగాలు చేసి 1959లో ప్రకటించారు. 1981లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మొత్తం ముగ్గును ఒక్కసారిగా చూసే కణమేదీ ఆ పొరలో లేదు. ఒకే వాలుకు స్పందించే కణాలు పరస్పరం ఊతమిచ్చుకోవడం వల్ల తునకలు గీతలుగా అతుకుతాయి. ఆ తర్వాతి మెట్టులోని కొన్ని కణాలైతే అసలు లేని అంచుకు కూడా స్పందిస్తాయని 1984లో కోతుల మీద జరిగిన పరిశోధన చూపింది.

మెలికల ముగ్గులో రెండు గీతలు అడ్డంగా దాటుకునే చోట చూపు మలుపు తిరగక, నునుపుగా సాగే దారినే పట్టుకుంటుంది. చుట్టూ ఉన్నదంతా కప్పి ఆ కూడలిని మాత్రమే చూపితే, ఏ గీత ఏ చుక్కను చుట్టివచ్చిందో వేసినవారు సైతం చెప్పలేరు.