ఎదుటి జట్టుకు సాయమా?

1992లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో, ఒక పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో మొదలైన ‘ఫస్ట్’ రోబోటిక్స్ పోటీలకు నేడు అనేక దేశాల విద్యార్థులు వస్తున్నారు. అక్కడ ఎదుటి జట్టు రోబో చెడిపోతే, తమ దగ్గరున్న విడిభాగం ఇచ్చి ఆదుకోవడం ఆనవాయితీ.

మీ అమ్మాయి అలా బ్యాటరీ ఇచ్చి, ఆ జట్టు చేతిలోనే ఓడి ఇంటికొస్తే ఏమంటారు? “నీకెందుకమ్మా ఆ గొడవ?” అనరూ?

తొలి ఆటల్లో మూడేసి జట్లు ఒక పక్షంగా ఆడతాయి. ఈ పూట ప్రత్యర్థి మరో పూట మన పక్షాన ఉండవచ్చు. కనుక ఇది ముందుచూపే, త్యాగమేమీ కాదనవచ్చు. కొంత నిజమే. కాని చివరి ఆటకు ఆ లెక్క చెల్లదు. అప్పుడూ ఇవ్వాలా? ఇవ్వాలనే అంటాను. కదలని యంత్రంపై గెలిచిన పిల్లకు తన యంత్రం మెరుగైనదో కాదో తెలియనే తెలియదు గదా!