ఎడమచేతి జపం

గంభీరావుపేట సీతారామస్వామి గుడిలో ఒక నందాదీపం ఉంది. కాకతీయుల కాలంలో వెలిగించిన ఆ దీపం ఏడు వందల ఏళ్లుగా కొండెక్కలేదని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ లెక్కను నమ్మినా నమ్మకపోయినా ఒక్క సంగతి కాదనలేం. దీపం దానంతటది నిలవదు. ఎవరో ఒకరు రోజూ నూనె పోయాలి, వత్తి ఎగదోయాలి. నిన్న చేసిన పనే ఇవాళ, ఇవాళ చేసిందే రేపు. ఇక మన ఊళ్ల గుళ్లలో ఇప్పుడు ఇంకో వస్తువు కూడా కనిపిస్తోంది. హారతి వేళ మీట నొక్కితే చాలు, నగారా, గంటలు, తాళాలు మోటారు బలంతో వాటంతటవే మోగుతాయి. చెయ్యి నొప్పి లేదు, లయ తప్పేది లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న తప్పించుకోలేనిదవుతుంది. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయడంలో ఉన్న విలువ ఎక్కడుంది, పనిలోనా, చేసే మనిషిలోనా? పనిలోనే ఉందంటే ఆ యంత్రమే మనకన్నా గొప్ప భక్తుడు. మనిషిలో ఉందంటే, అన్నిసార్లు చేయడం వల్ల మనిషిలో ఏం మారుతుందో చెప్పగలగాలి.

ఈ ప్రశ్నను గుడి మెట్ల మీదే తేల్చబోతే వాదన భక్తి వైపో నాస్తికత వైపో జారిపోతుంది. దేవుడి ప్రసక్తి లేని చోట ఇదే సంగతి ఎలా నడుస్తుందో చూసి రావడం మేలు. అందుకు బూగీవూగీ పియానో నేర్చుకోవడం కన్నా అనువైన ఉదాహరణ నాకు తోచలేదు. అమెరికా దక్షిణాదిన, టెక్సస్ తూర్పు ప్రాంతపు కలప కొట్టే శిబిరాల్లో, రైలు మార్గాల వెంట నల్లజాతి కూలీల మధ్య పుట్టి పెరిగిందని చెప్పే వాయింపు ఇది. దీని సూత్రం ఒక్కటే. ఎడమచెయ్యి ఒక చిన్న స్వరాల వరుసను పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా వదలకుండా తిప్పుతూనే ఉంటుంది. దాని మీద కుడిచెయ్యి తనకు తోచింది పలుకుతుంది. ఒక చేతికి బొత్తిగా స్వేచ్ఛ లేదు, రెండో చేతికి అడ్డు లేదు. నియమానికీ స్వేచ్ఛకూ ఉన్న సంబంధం ఇంత విడమర్చి కళ్లముందు పెట్టే కళలు తక్కువ.

ఎడమచేతి పనిని దగ్గరగా చూద్దాం. ఒకటో కట్టె శ్రుతిని షడ్జంగా పట్టుకుంటే, కొత్తవాళ్లకు నేర్పే వరుసల్లో ఒకటి స గ ప ద ని ద ప గ. మన లెక్కలో ఇవి హరికాంభోజి మేళంలో ఉన్న స్వరాలే. చిటికెన వేలు షడ్జం మీద, నడిమి వేలు గాంధారం మీద, చూపుడువేలు పంచమం మీద, బొటనవేలు ధైవతం మీద పడతాయి. అక్కడికి వేళ్లు అయిపోతాయి. అప్పుడు చూపుడువేలు బొటనవేలి మీదుగా దాటి నల్లమెట్టు మీదున్న నిషాదాన్ని అందుకుని, వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆదితాళంలో ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలున్నట్టే ఇక్కడా ఎనిమిది దెబ్బలు. అలాంటివి నాలుగు ఆవర్తనాలు షడ్జం మీద, రెండు అదే వరుసను మధ్యమానికి జరిపి, రెండు మళ్లీ షడ్జం మీద, ఒకటి పంచమం మీద, ఒకటి మధ్యమం మీద, చివరి రెండు షడ్జం మీద. మొత్తం పన్నెండు, అంటే తొంభై ఆరు దెబ్బలు. అక్కడితో ఒక చుట్టు పూర్తవుతుంది. తర్వాత మళ్లీ మొదటికి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇందులో కష్టపడేది వరుసను గుర్తుపెట్టుకోవడానికి కాదు, అది ఒక పూటలో వచ్చేస్తుంది. కుడిచెయ్యి కదలగానే ఎడమచెయ్యి దాని వెంట పోతుంది. కుడిచేతిలో ఆలస్యంగా పడవలసిన స్వరం ఎడమచేతి దెబ్బతో కలిసి పడిపోతుంది. కుడిచేతిని సరిచేద్దామని చూపు అటు తిప్పితే ఎడమచెయ్యి ఆగుతుంది. చేతులు రెండే గానీ వాటిని నడిపే ధ్యాస ఒక్కటే. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు విడిపోయే తీరులోనే మన ప్రశ్నకు సమాధానం ఉంది. ఎడమచెయ్యి ఒక్కదాన్నే, నెమ్మదిగా, రోజూ తిప్పగా తిప్పగా అది ఒకనాటికి ధ్యాసను అడగడం మానేస్తుంది. పక్కవాళ్లతో మాట్లాడుతున్నా దాని నడక చెడదు. 1928 డిసెంబరులో షికాగోలో పియానో వాద్యకారుడు పైన్‌టాప్ స్మిత్ ఇచ్చిన రికార్డు ఇందుకు సాక్ష్యం. బూగీవూగీ అన్న పేరును లోకానికి ఎక్కించిన ఆ రికార్డులో అతను వాయిస్తూనే నాట్యం చేసేవాళ్లకు ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో మాటల్లో చెబుతుంటాడు. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే మనిషి ఎదుటివాళ్లతో ఉన్నాడు. మనకిది కొత్త కాదు. కచేరీలో గాయకుడి చెయ్యి తొడ మీద ఆదితాళం వేస్తూనే ఉంటుంది, గొంతు స్వరకల్పనలో ఎటో విహరిస్తుంటుంది. అష్టావధాని ఒకవైపు పద్యం కడుతూ మరోవైపు గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క ఒప్పజెబుతాడు. గణాలు, యతి, ప్రాస అంత లోతుకు ఇంకి ఉండకపోతే అది సాధ్యమయ్యేది కాదు. భజన మందిరంలో హార్మోనియం పట్టుకునే పిల్లవాడు కూడా మొదట నేర్చుకోవలసింది ఎడమచేతి పనే. తిత్తిని ఒకే ఊపున ఆడించడం రానిదే కుడిచేతి పాట నిలబడదు. పునరావృత్తి మనసును మొద్దుబారుస్తుందని అనుకుంటాం గానీ, సరిగ్గా చేస్తే అది మనసుకు తీరిక ఇస్తుంది. అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగితేనే గట్టిపడుతుందని పతంజలి పెట్టిన మూడు షరతులు ఇక్కడ అక్షరాలా వర్తిస్తాయి. గీత ఆరో అధ్యాయంలో మనసు గాలిలా పట్టుబడదని అర్జునుడు మొరపెట్టుకుంటే కృష్ణుడు అభ్యాసం, వైరాగ్యం అనే రెండు దారులు చూపుతాడు. నిత్యకర్మ చిత్తశుద్ధికే అని అద్వైతులు చెప్పేదీ ఇదే కోవలోది.

దీనికి మొదటి అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. పెదవులు నామం జపిస్తుంటే మనసు సంతలో తిరిగే భక్తిని వేమన ఎండగట్టాడు, బసవేశ్వరుడు నిలదీశాడు. ధ్యాస అడగకుండా నడిచే చెయ్యే గొప్పదైతే, ధ్యాస లేని జపం కూడా గొప్పదేనా? అభ్యంతరం బలమైనదే, పాక్షికంగా ఒప్పుకోవలసిందే. ఎడమచెయ్యి ఒక్కటే గంటసేపు తిరిగితే దాన్ని ఎవరూ సంగీతం అనరు. అది తీరిక చేసి పెట్టిన ధ్యాసను కుడిచెయ్యి ఎక్కడ ఖర్చు పెట్టిందన్నదే అసలు సంగతి. వేమన తప్పుపట్టింది మళ్లీ మళ్లీ చేయడాన్ని కాదు, అలా చేస్తూ మిగిలిన మనసును బజారు పాలు చేయడాన్ని. జపాన్ని వాచికం, ఉపాంశువు, మానసం అని మూడు మెట్లుగా పెట్టి చివరిదాన్ని శ్రేష్ఠమని చెప్పిన పెద్దలకు ఈ ప్రమాదం తెలుసు. నోటిపని లోపలికి ఇంకాలి, ఇంకిన తర్వాత మనసు ముందుకు పోవాలి. ఇక ఎడమచెయ్యి అలవాటుపడిందంటే నిద్రపోయిందని కాదు. బూగీవూగీ వాద్యకారుడు జిమ్మీ యాన్సీ వాయింపు వింటే ఎడమచేతి వరుస నడుస్తూనే చిన్నచిన్నగా మారుతుండడం తెలుస్తుంది. ధ్యాస మొత్తం అక్కడ లేదు గానీ, అవసరమైతే వెంటనే వచ్చి వాలేంత దగ్గరలో ఉంది.

రెండో అభ్యంతరం యంత్రానిది. ఎడమచెయ్యి చేసేది ఎప్పుడూ ఒకటే అయితే, దాన్ని కీబోర్డులో స్టైల్ మీటకే అప్పగించవచ్చు కదా? ఒక మెట్టు నొక్కితే మిగతా లయంతా అదే చూసుకుంటుంది. వినేవాళ్లకు తేడా తెలియకపోవచ్చు కూడా. నిజమే, మనకు కావలసింది చప్పుడే అయితే మీటే నయం. కానీ యంత్రపు లయ మీద వాయించే కుడిచెయ్యి దాన్ని వెంబడిస్తుంది, దానితో కలిసి ఊపిరి పీల్చదు. సాధారణ గాంధారపు నల్లమెట్టు నుంచి అంతర గాంధారపు తెల్లమెట్టు మీదికి అదే వేలు జారే క్షణంలో ఎడమచెయ్యి వెంట్రుకవాసి బరువు పెంచుతుంది. ఆ రాపిడిలోనే బూగీవూగీ రుచి ఉంది. ఆ బరువు ఎంతో మీటకు తెలియదు. గుళ్లో మోటారు నగారా సంగతీ అంతే. హారతికి చప్పుడు కావాలంటే అది చాలు. నగారా కొట్టే మనిషి తయారు కావాలంటే చాలదు. మిలింద రాజును నాగసేనుడు అడిగిన మాట ఒకటి బౌద్ధ గ్రంథంలో ఉంది. రాత్రి మొదటి జాములో వెలిగిన జ్వాల, చివరి జాములో వెలుగుతున్న జ్వాల ఒకటేనా? ఒకటీ కాదు, వేరూ కాదు, దాన్ని ఆశ్రయించి ఇది కొనసాగుతుంది. సాధకుడి నిన్నటి చెయ్యి, నేటి చెయ్యి కూడా అలాంటివే. పని ఒక్కలాగే ఉంటుంది, చేసేవాడు నిన్నటివాడు కాడు. యంత్రానికి ఈ తేడా లేదు. వెయ్యోసారి తిరిగినా అది మొదటిసారి తిరిగిన యంత్రమే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది, అది సిరిసిల్ల నుంచి వస్తుంది. గంభీరావుపేటకు దగ్గరలోనే ఉన్న ఆ పట్నంలో పగలూ రాత్రీ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటాయి. పన్నెండు గంటల షిఫ్టులో ఒకే కార్మికుడు అనేక సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగు ముడివేస్తూ, కండె మారుస్తూ ఉంటాడు. ఆయన దగ్గరికి పోయి పునరావృత్తి సాధన అని చెప్పగలమా? చెప్పకూడదు. పని దొరకక, అప్పులు తీర్చలేక అక్కడి నేత కార్మికులు ఎందరో ప్రాణాలు తీసుకున్న ఊరది. ఆకలి కోసం తిరిగే చేతికి పుణ్యం అంటగట్టడం అన్యాయం. అయితే ఈ అభ్యంతరం నా వాదనను కూల్చదు, దానికి హద్దు గీస్తుంది. గుంటమగ్గం మీద ఒక కాలు, మరో కాలు మార్చి మార్చి తొక్కుతూ, ఒక చేత్తో నాడె విసురుతూ, మరో చేత్తో పలక లాగుతూ ఉన్న నేతగాడికీ పునరావృత్తే. కానీ అంచు ఎలా ఉండాలో, బుటా ఎక్కడ రావాలో చూసుకునే చూపు, నిర్ణయం ఆయనవి. ఆయనకు కుడిచెయ్యి మిగిలింది. సాంచాల దగ్గర ఆ చెయ్యిని ఆర్డరు ఇచ్చినవాడు తీసుకున్నాడు. కాబట్టి విడుదల చేసే పునరావృత్తి వేరు, కట్టేసే పునరావృత్తి వేరు. ఏది ఏదో తేల్చే గుర్తు ఒక్కటే, చేసేవాడికి స్వేచ్ఛగా కదిలే చెయ్యి ఒకటి మిగిలిందా లేదా. బూగీవూగీ వాయించిన మనుషులకు ఇది బాగా తెలుసు. యాన్సీ పాతికేళ్ల పాటు షికాగోలో బేస్‌బాల్ మైదానం బాగుచేసే పనివాడు. మీడ్ లక్స్ లూయిస్‌ను సంగీత నిర్వాహకుడు జాన్ హామండ్ వెతికి పట్టుకునే నాటికి ఆయన కార్లు కడుగుతున్నాడు. అలాంటి లూయిస్ 1938 డిసెంబరు 23న తోటి వాద్యకారులు ఆల్బర్ట్ ఆమన్స్, పీట్ జాన్సన్‌లతో పాటు న్యూయార్క్ కార్నెగీ హాల్లో వాయించాడు. యాన్సీ, లూయిస్ లాంటివాళ్లు పగలు కోల్పోయిన కుడిచెయ్యిని పియానో దగ్గర తిరిగి తెచ్చుకున్నారు.

బూగీవూగీ లాంటి సారాకొట్టు సంగీతానికీ ఆధ్యాత్మికతకూ ముడేమిటని అడిగేవాళ్లూ ఉంటారు. వాళ్లకు థామస్ డోర్సీ ఒక్కడు చాలు. జార్జియా టామ్ పేరుతో బరితెగించిన బ్లూస్ పాటలకు పియానో వాయించిన ఆ మనిషి, 1932లో ప్రసవంలో భార్యనూ, ఆ వెంటే పసికందునూ పోగొట్టుకున్న దుఃఖంలో కట్టిన ప్రార్థనాగీతం నేటికీ చర్చిల్లో వినిపిస్తుంది. ఆయన బాణీని మొదట చర్చిలే వద్దన్నాయి. ఇక ఈ సంగీతం మనది కాదు, పరాయిదనే అభ్యంతరానికి మన హార్మోనియమే జవాబు. 1840ల్లో పారిస్‌లో పేటెంటు పొందిన ఆ వాద్యాన్ని మన ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా గాలిలోకి రానివ్వలేదు. అదే కాలంలో ఊరూరా భజన మందిరాలు దాన్ని తమదిగా చేసుకున్నాయి. వాద్యానికి మతం లేదు, దాని మీద పనిచేసే చేతికి ఉంటే ఉంటుంది.

కాబట్టి నా తీర్పు ఇది. పునరావృత్తికి దానంతట దానికి పుణ్యమూ లేదు, పాపమూ లేదు. అది మనసుకు తీరిక ఇచ్చే పని. ఆ తీరికతో ఏం చేశామన్నదాన్ని బట్టే దానికి విలువ కట్టాలి. కొత్తగా మెట్ల మీద వేళ్లు పెట్టేవాళ్లు ఆమన్స్ వేగం ఎప్పుడొస్తుందని తొందరపడితే ఎడమచెయ్యి కుదరదు. ఫలం మీద కన్ను పెట్టిన అభ్యాసం తడబడుతుందని చెప్పడానికి గీతే అవసరం లేదు, ఒక వారం సాధన చాలు. ఎడమచెయ్యి ఒక్కదాన్నే పట్టండి, పక్కవాళ్లతో మాట్లాడుతున్నా నడక చెడనంత దాకా పట్టండి, ఆ తర్వాతే కుడిచెయ్యి కలపండి. జపమాల తిప్పేవాళ్లకూ చెప్పేది అదే. ఎన్ని మాలలు తిప్పామో లెక్కపెట్టుకోవడం సులువు. అన్ని మాలలు తిప్పాక మన మాట మెత్తబడిందా, ఎదుటివాడి కష్టం కనిపిస్తోందా అన్నది లెక్క చూసుకోండి. అది కుదరనప్పుడు ఆ పనికి మోటారు నగారా చాలు.