పండకపోతే

2023 డిసెంబర్‌లో నాయిన కంటి పరీక్ష కోసం హైదరాబాద్ వచ్చాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చే దారిలో, నేను తరచూ వెళ్లే ఒక కెఫేకి తీసుకెళ్లాను. మట్టి పూత పూసిన గోడలు, మోదుగాకు విస్తర్లు, ప్లాస్టిక్ అన్నది కనబడదు. వడ్డించేవన్నీ నూటయాభై కిలోమీటర్ల లోపల, మందులు కొట్టకుండా పండించినవేనని మెనూ మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. గుమ్మం పక్కన ఒక నల్లబల్ల. దాని మీద ‘ఈ వారం మన రైతు’ అని ఒకామె ఫొటో, పేరు, ఊరు. ఆ వారం పేరున్న ఊరు జహీరాబాద్ వైపుది, మా ఊరికి ఆరు కిలోమీటర్లు.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు, రెండు రకాల పచ్చళ్లు కలిపి ప్లేటు మూడు వందల ఎనభై రూపాయలు. నాయిన ధర చూసి ఏమంటాడోనని నేను భయపడ్డాను. ఆయన ధర చూడలేదు. నల్లబల్లని రెండుసార్లు చదివి, నీళ్లు తెచ్చిన కుర్రాణ్ని అడిగాడు:

“తమ్మీ, ఈసారి కంకి మీద వాన పడి మా దిక్కు పచ్చజొన్న నల్లబడ్డది గద. మరి మీకెట్ల దొరికింది?”

కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. “క్వాలిటీ బాగా లేకపోతే ఆ ఊరి నుంచి తీసుకోం సార్. వేరే చోటు నుంచి వస్తుంది. ఎక్కడా లేకపోతే మెనూ మారుస్తాం.”

“మంచిదే,” అన్నాడు నాయిన. కొంచెం ఆగి, రొట్టె తుంచుతూ, “మాకు మెనూ మార్చుకునే వీలు లేకుండె,” అన్నాడు.

ఎత్తిపొడుపుగా అనలేదు. రొట్టె బాగుందని కూడా అన్నాడు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. నేను నీతిశాస్త్రం చదువుకున్నవాణ్ని కాను. సర్వర్లు పడిపోకుండా చూసుకునే ఉద్యోగం నాది. అయినా, ఆ కెఫేకి నేను వెళ్లేది ఒక్క రుచి కోసం కాదు. అక్కడ తిన్నప్పుడు ఒక మంచి పని చేసినట్టు ఉంటుంది. ఆ మంచి ఏమిటో, నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలనిపించింది.

*

మామూలుగా చెప్పే మొదటి కారణం దూరం. తిండి ఎంత తక్కువ దూరం ప్రయాణిస్తే భూమికి అంత మేలని. వినడానికి ఇంత తేలికైన లెక్క ఇంకోటి లేదు. కానీ ఇది అంత నిలిచే లెక్క కాదు. అమెరికాలో 2008లో వెబర్, మాథ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సగటు కుటుంబం తినే తిండి వెనక ఎంత కర్బన ఉద్గారం ఉందో లెక్క కట్టారు. రవాణా మొత్తం వాటా సుమారు 11 శాతం. పండించే దశది 83 శాతం. అంటే ఎక్కడి నుంచి వచ్చిందన్న దానికన్నా ఏం తింటున్నాం, ఎలా పండించాం అన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. అమెరికా అంకెలు మనకి అచ్చంగా వర్తించవు. అయినా, మా కాలనీ పక్క ఊరి మడిలో నిలవనీటితో పండిన వరి నుంచి మీథేన్ వస్తుంది. ఎక్కడో మహారాష్ట్ర మెట్టచేలో వానకి పండిన జొన్న అంత హాని చెయ్యదు. దగ్గర అన్నంత మాత్రాన మంచిది కాదు.

పీటర్ సింగర్, జిమ్ మేసన్ 2006లో తిండి నీతి మీద రాసిన పుస్తకంలో ఇంకో ఇబ్బంది కూడా చూపిస్తారు. మన ఊరివాళ్ల దగ్గరే కొనాలన్న నియమాన్ని కచ్చితంగా పాటిస్తే, దూరాన ఉన్న మనకన్నా పేద రైతుని మన పళ్లెంలోంచి తోసేసినట్టే అవుతుంది. దగ్గరివాణ్ని ప్రేమించడం, దూరపువాణ్ని మరిచిపోవడం ఒకే నాణేనికి రెండు వైపులు కావచ్చు.

రెండో కారణం, రైతు ఎవరో తెలియడం. ఇటలీలో 1986లో రోమ్ నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ పెడుతున్నారని మొదలైన నిరసనలోంచి స్లో ఫుడ్ ఉద్యమం పుట్టింది. తిండి రుచిగా ఉండాలి, పరిశుభ్రంగా పండాలి, న్యాయంగా కొనాలి అని దాని సారాంశం. అందులో మొదటి రెండూ నాలుక మీదా నేల మీదా తెలుస్తాయి. మూడోది తెలియాలంటే అవతలి మనిషి తెలియాలి. అందుకే నల్లబల్ల. కానీ ఆ బల్ల ఒకవైపే చూపిస్తుంది. ఆమె పేరు నాకు తెలుసు, నా పేరు ఆమెకి తెలీదు. ఆమె చేను ఎండితే నా సాయంత్రంలో ఏ మార్పూ ఉండదు. నేను బిల్లు కట్టాక ఆమెకి నేను బాకీ లేను. డబ్బుకున్న గుణమే అది, సంబంధాన్ని అక్కడికక్కడ తెంపేసి ఇద్దర్నీ స్వేచ్ఛగా వదిలేస్తుంది. అది తప్పని అనను. తెగిపోయిన సంబంధం ఇంకా ఉన్నట్టు గోడ మీద ఫొటో పెట్టుకోవడమే నాకు ఇబ్బంది.

*

నాయిన మాటలో ఉన్నది ఇదే. ఆయన చిన్నతనంలో ‘లోకల్’ అనే మాట లేదు, ఎందుకంటే లోకల్ కానిది లేదు. పొద్దున అంబలి, మధ్యాహ్నం గట్క, రాత్రి రొట్టె. మూడూ ఒకే చేలోవి. అన్నం పండక్కి. 1972 కరువులో ఆయనకి పద్నాలుగేళ్లు. ఆ ఏడాది చేలో ఏం పండిందని అడిగితే చెప్పడు. తుమ్మికూర, దొగ్గలికూర ఏరుకొచ్చి ఉడకబెట్టుకున్న సంగతి మాత్రం చెప్తాడు. దగ్గరి తిండి అంటే ఆయన దృష్టిలో దూరం లెక్క కాదు. చేనుకి ఏమైతే కడుపుకీ అదే అవుతుందని.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మా నాయినమ్మ ఆ బియ్యపు సంచిని దేవుడి గూటి కింద పెట్టేదట. ఆ బియ్యం లోకల్ కాదు. కాలవల కింద, మా వాళ్లు ఎన్నడూ చూడని మాగాణుల్లో పండింది. దాని వల్ల జొన్నచేలు తగ్గాయని, కొర్రలు, సామలు చాలా ఊళ్లలో విత్తనానికి కూడా లేకుండా పోయాయని ఇప్పుడు మనం బాధపడతాం. ఆ బాధలో నిజం ఉంది. కానీ ఆ సంచి వల్లే, చేను ఎండిన ఏడాది కూడా మా ఇంట్లో పొయ్యి వెలిగింది. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, ఒక కుటుంబం మొత్తం ఒకే చేను మీద ఆధారపడటం సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఏ ఇంజనీరూ కావాలని అలా కట్టడు. కరువంటే తిండి లేకపోవడం కాదు, ఉన్న తిండి మీద కొందరికి హక్కు లేకపోవడమని అమర్త్యసేన్ 1981లోనే రాశాడు. రెండు రూపాయల బియ్యం మా వాళ్లకి ఇచ్చింది దూరపు తిండి మీద హక్కు.

అందుకని, దగ్గరి తిండి గురించి తీపిగా మాట్లాడేటప్పుడు నేను ఇప్పుడు కొంచెం ఆగుతాను. పాత పల్లెల్లో అందరూ ఒకే కష్టం పంచుకున్నారన్నదీ పూర్తి నిజం కాదు. కల్లంలో చాకలికి, మంగలికి, కమ్మరికి మేర కొలిచేవారు. పండితే పండినంత, పండకపోతే వాళ్లకీ లేదు. కానీ దొర గరిసె మాత్రం ఖాళీ అయ్యేది కాదు. వాళ్లు నష్టం పంచుకున్నారు, ఎందుకంటే వేరే దారి లేదు. దారి లేక పంచుకున్న నష్టాన్ని బంధం అనలేం. ‘మెనూ మార్చుకునే వీలు’ ఉన్నవాడు, ఆ వీలుని కొంత వదులుకుంటే మాత్రం అది వేరే సంగతి.

నాకు తేలింది ఇది: తిండి విషయంలో దగ్గరితనాన్ని కిలోమీటర్లలో కాదు, నష్టంలో కొలవాలి. పంట పోయినప్పుడు నాకూ కొంత పోతే, ఆ చేను నాకు దగ్గర. పోకపోతే, అది మా వీధి చివర ఉన్నా దూరమే.

ఇదేం కొత్త ఆలోచన కాదు. జపాన్‌లో 1970లలో తల్లులు కొందరు గుంపులుగా చేరి, పండినదేదో అదే తీసుకుంటామని రైతులతో ఒప్పందాలు చేసుకున్నారు. దాన్ని తేకేయ్ అంటారు. 1986లో అమెరికాలో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్‌లలో రెండు పొలాల దగ్గర, తినేవాళ్లే సాగు ఖర్చు ముందుగా కట్టే పద్ధతి మొదలైంది. మా జహీరాబాద్ వైపే, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల మధ్యలో ఇంకో రకంగా చేశారు. బీడు పడ్డ చేలని సాగులోకి తేవడానికి రైతులకి ముందుగా డబ్బిచ్చారు. రైతులు దాన్ని డబ్బుగా కాక, కొన్నేళ్ల పాటు జొన్నలుగా ఊరి ధాన్యనిధికి తిరిగిచ్చారు. ఆ జొన్నల్ని ఊళ్లో అందరికన్నా పేదవాళ్లకి తక్కువ ధరకి పంచారు. చాలామంది దళిత స్త్రీలు, ఎవరు ఎంత పేదవాళ్లో వాళ్లే కూర్చుని తేల్చారు. అక్కడ లోకల్ అన్న మాటకి ఊళ్లో ఆకలి ఎవరిదో తెలియడమని అర్థం.

*

ఇంత ఆలోచించాక కెఫేని వెక్కిరించడం సులువు. నేను వెక్కిరించను. కెఫేలు లేని రోజుల్లో మా వైపు కొర్రలు అడిగేవాడే లేడు. చేసేవాడిలో కొంత గొప్ప ఉందని చేసిన పని చెడిపోదు. నేను ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నంత మాత్రాన రొట్టెలో జొన్న తగ్గదు. కపటం గురించి మనం పెట్టే గోలలో చాలా భాగం, ఏమీ చెయ్యకుండా ఉండటానికి వెతుక్కునే సాకు. నా ఫిర్యాదు ఒక్కటే. కొన్నది తిండి, కొన్నాననుకున్నది బంధం.

ఆ తర్వాతి జూన్‌లో ఆఫీసులో నలుగుర్ని కూడగట్టి, నాతో కలిపి ఐదుగురం తలా మూడు వేలు వేశాం. మా చిన్నాయన చేను పక్కన ఎకరం చేసుకునే ఒక పెద్దమ్మకి పదిహేను వేలు ముందుగా ఇచ్చాం. బాగా పండితే మనిషికి యాభై కిలోలు, మిగిలింది ఆమెకి. కిలో అరవై పడుతుంది. డబ్బు తీసుకునే ముందు ఆమె అడిగింది:

“పైసలైతే తీస్కుంట బిడ్డా. గని పండకపోతే గిది అప్పయితదా?”

కాదు పెద్దమ్మా అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, మా చిన్నాయన్ని అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఆయన కూడా కాదన్నాకే డబ్బు కొంగున ముడేసుకుంది.

కంకి గట్టిపడే వేళకి ముసురు పట్టింది. మనిషికి వచ్చినవి పదిహేడు కిలోలు, సగం మచ్చలు పడ్డవి. ఒక మిత్రుడు వాట్సాప్‌లో అడిగాడు: “రిఫండ్ లాంటిది ఏమైనా ఉంటుందా?” నాకు కోపమొచ్చింది. కానీ ఆ మెసేజ్ రావడానికి ముందే నేను ఎక్సెల్‌లో మూడు వేలని పదిహేడుతో భాగించి చూసుకున్నాను. కిలో నూటడెబ్బై ఆరు. ఆ అంకె చూడగానే నా మనసులో వచ్చిన మొదటి మాట కూడా అదే. అతను పైకి అన్నాడు, నేను అనలేదు. తేడా అంతే.

నష్టం పంచుకోవడం గురించి ఇంత ఆలోచించినవాడికి, నష్టం నిజంగా వచ్చిన రోజున అది మోసంలా ఎందుకు అనిపించింది? బహుశా మనం డబ్బు పెట్టిన ప్రతిదానికీ హామీ ఉంటుందని నమ్మి బతికే మనుషులం కాబట్టి. ఆ పెద్దమ్మ జీవితంలో హామీ ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. ఆమె అడిగిన ప్రశ్నకి నేను నోటితో కాదన్నాను, లెక్కలో అవునన్నాను. ఆమె రెండుసార్లు ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది.

ఆ కెఫేకి ఇప్పటికీ వెళ్తాను. రొట్టె బాగుంటుంది, పిల్లలకి మోదుగాకు విస్తరి ఇష్టం. మంచిపని చేసినట్టు మాత్రం అనిపించదు. అది నాకు కొంత తేలిగ్గానే ఉంది. రొట్టెకి డబ్బిచ్చాను, రొట్టె తిన్నాను.

మళ్లీ జూన్ వచ్చినప్పుడు ఐదుగురిలో ఇద్దరమే మిగిలాం. తలా ఏడున్నర వేలు. పెద్దమ్మ ఈసారి అప్పు సంగతి అడగలేదు. “పోయినేడు మస్తు నష్టమొచ్చె గద బిడ్డా మీకు,” అని, డబ్బు తీసుకోవడానికి వెనకాడింది. తీసుకొమ్మని చిన్నాయనే నచ్చజెప్పాల్సి వచ్చింది.