చెవి, కన్ను, హృదయం: చదువు ఎలా అబ్బుతుంది?

మనం తల్లి గర్భం నుండి బయటికి వచ్చిన రోజున మనకు ఏమీ తెలియదు. అల్లాహ్‌యే మనకు వినికిడినీ, చూపునూ, హృదయాన్నీ ప్రసాదించాడు. దివ్య ఖురాన్‌లోని అన్-నహ్ల్ సూరా 78వ ఆయత్ ఈ సంగతిని గుర్తుచేస్తుంది. ఒకరికి చెవి, మరొకరికి కన్ను అని పంచిపెట్టినట్లు అందులో లేదు. మూడింటినీ కలిపే పేర్కొనడం జరిగింది.

ఈ ఆయత్‌ను ఎత్తుకోవడానికి కారణం ఉంది. నిజామాబాద్, బోధన్ ఇళ్ళలో ఒక మాట తరచూ వినిపిస్తోంది. “మావాడు వింటేనే నేర్చుకునే రకం, పుస్తకం ముట్టడు.” “మా పాపకు బొమ్మలు చూపిస్తే తప్ప తలకెక్కదు.” ఈ విభజన చాలా దూరం నుండి వచ్చింది. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ అనే విద్యావేత్త 1992లో నేర్చుకునేవారిని చూపు, వినికిడి, చదువు-రాత, చేత అని నాలుగు తరగతులుగా చెప్పారు. అది బడులకూ, ట్యూషన్లకూ పాకింది. బిడ్డను అర్థం చేసుకోవడానికి పనికొస్తే సంతోషమే. కానీ ఏడో తరగతి పిల్లవాణ్ణి “వీడిది చేతిపని రకం, చదువు అబ్బదు” అని మెకానిక్ షెడ్డుకు పంపడానికి అదే సాకుగా మారితే? అప్పుడు మనం బిడ్డ హక్కును కాలరాసినవాళ్ళం అవుతాం.

మనుషుల మధ్య తేడాలు లేవని కాదు. తనకంటే ఎక్కువ హదీసులు తెలిసినవారు అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఒక్కరేనని, ఆయన రాసుకునేవారనీ తాను రాసుకునేవాణ్ణి కాననీ హజ్రత్ అబూ హురైరా (రజి) స్వయంగా చెప్పినట్లు బుఖారీలో ఉంది. ఒకరు కలం పట్టారు, ఒకరు జ్ఞాపకం మీద ఆధారపడ్డారు. అయితే అంతటితో ఆగకండి. అబూ హురైరా (రజి) రాత్రిని మూడు భాగాలు చేసుకుని, ఒక భాగం నిద్రకు, ఒక భాగం నమాజుకు, ఒక భాగం విన్న హదీసులను నెమరువేసుకోవడానికి కేటాయించేవారు. ఇక రాసుకునే అబ్దుల్లాహ్ (రజి) ఒక్క రాత్రిలోనే ఖురాన్ అంతా పఠించేస్తుంటే, నిదానించమని దైవప్రవక్త (స) సలహా ఇవ్వవలసి వచ్చింది. కలం ఉంది కదా అని ఆయన నాలుకకు సెలవు ఇవ్వలేదు.

దైవప్రవక్త (స) బోధనా విధానమూ చూడండి. మాట బాగా అర్థం కావడానికి మూడుసార్లు చెప్పేవారు. మనిషి ఆశలనూ మృత్యువునూ వివరించేటప్పుడు నేలపై చతురస్రం, గీతలు గీసి చూపారు. నమాజును తనను చూసి నేర్చుకోమన్నారు. విషయాన్ని బట్టి పద్ధతి మారింది. వినేవారికి ఒక వరుస, చూసేవారికి ఒక వరుస అంటూ సహాబాలను విడదీయలేదు.

2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించారు. పిల్లల ‘రకాన్ని’ బట్టి పాఠం చెబితే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఇష్టం వేరు, నేర్చుకోవడం వేరు. బోధన్ శక్కర్‌నగర్‌లో 2015లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే అడగండి. పాకం గింజ కట్టిందో లేదో గాజు పలకపై చూసి గుర్తుపట్టాలి. అది కంటికీ చేతికీ అలవాటు కావలసిన పని. తజ్వీద్ అయితే ఉస్తాద్ నోటి నుండి విని, మన నోటితో పలకవలసిందే. లెక్కలు కాగితం మీద చేయవలసిందే.

మరి పిల్లవాడు వెనకబడితే? మొదట కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనబడని బిడ్డ సహజంగానే ‘వినే రకం’ అవుతాడు! తర్వాత భాష సంగతి చూడండి. మన ఇళ్ళలో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. చాలామంది పిల్లలకు పాఠం కాదు, పాఠంలోని మాటలే అడ్డం. అదే పాఠాన్ని ఇంటి భాషలో ఒకసారి చెప్పి చూడండి. నాకు తెలిసినంతలో సగం ‘మొద్దులు’ అక్కడే తేలిపోతారు.

మిగిలినదానికి మందు మన మదర్సాల్లోనే ఉంది. హిఫ్జ్ విద్యార్థి రోజూ కొత్త సబఖ్ వినిపిస్తాడు, దగ్గరి సబఖ్‌లు వినిపిస్తాడు, పాత ఆమోఖ్తా వినిపిస్తాడు. మూడూ ముస్‌హఫ్ చూడకుండానే. నిన్నటి పాఠాన్ని ఐదుసార్లు, మొన్నటిదాన్ని నాలుగుసార్లు, ఇలా తగ్గిస్తూ తిరగవేయమని ఇమామ్ జర్నూజీ తన ‘తాలీముల్ ముతఅల్లిమ్’లో ఏనాడో రాశారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ విద్యార్థులపై ప్రయోగం చేశారు. మళ్ళీ మళ్ళీ చదివినవారికి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. కానీ వారం గడిచాక, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు. కంఠస్థం చేసిన ఖురాన్‌ను పట్టించుకోకపోతే తాడు తెంపుకున్న ఒంటె కన్నా వేగంగా జారిపోతుందన్న ప్రవక్త (స) హెచ్చరిక హాఫిజులకు బాగా తెలుసు. దాన్ని సైన్సు, సోషల్ పుస్తకాలకు మాత్రం మనం వర్తింపజేయడం లేదు.

తల్లికి చదువు రాకపోయినా ఇది చేయించగలదు. ఒడిలో చాట, చేతిలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూనే “పుస్తకం మూసి, ఈ రోజు చదివింది నాకు చెప్పు బేటా” అనవచ్చు. తప్పు పట్టలేకపోయినా, వాడు ఎక్కడ తడబడ్డాడో ఆమెకు తెలుస్తుంది. అక్కడే పుస్తకం తెరిపించి, మూయించి, మళ్ళీ చెప్పించాలి. మర్నాడు అదే పాఠం ఒకసారి, జుమా రోజున మరొకసారి.