నమ్మి వచ్చిన ప్రాణికి బిల్లు ఎవరు కట్టాలి?

దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వచ్చే జనానికి బాబా పక్కన కుక్క ఉన్న పటం కొత్త కాదు. దత్తాత్రేయుడి పాదాల దగ్గర ఏకంగా నాలుగు కుక్కలు. భక్తిలో అంత చోటున్న ప్రాణికి జబ్బు చేసినప్పుడు మాత్రం, చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా ఏ ఇంట్లోనైనా ముందు వచ్చే మాట: "ఎంతవుతుందండీ?"

ఆ మాటలో తప్పేమీ లేదు. కుక్కపిల్లకు పార్వో సోకిందంటే వైద్యం చాలావరకు సెలైన్ మీదే నడవాలి. ముంగాలి మీద వెంట్రుకలు గొరిగి, సూది గుచ్చి, టేపు చుట్టి రోజుల తరబడి ఎక్కిస్తారు. వాంతులు ఆగడానికి ఇంజెక్షన్లు, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు. బతుకుతుందో లేదో తేలకముందే బిల్లు పెరిగిపోతుంటుంది. నెల జీతం మీద నడిచే ఇల్లు ఎక్కడ ఆగాలి? ఆగితే అది పాపమా?

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజుకు ఈ సందేహం లేదు. తమ్ముళ్లూ ద్రౌపదీ దారిలో పడిపోయాక వెంట మిగిలింది కుక్క ఒక్కటే. దాన్ని వదిలేసి రథమెక్కమన్నాడు ఇంద్రుడు. నమ్మి వచ్చినదాన్ని వదలడం మహాపాపమనీ, అలా దొరికే స్వర్గం తనకు వద్దనీ అన్నాడు ధర్మరాజు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ, తిండీ నీళ్లూ అందక బాధపడేలా జంతువును అకారణంగా వదిలేయడాన్ని నేరంగానే చూస్తుంది.

అయితే ధర్మరాజు అప్పటికే రాజ్యం వదిలేసిన మనిషి. రాజ్యం చేతిలో ఉన్నవాడి ధర్మమేమిటో కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చూడాలి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు అక్కడ చెక్కించిన శాసనాల్లో రెండోది, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెబుతుంది. మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించానని కూడా అంటుంది. ఇంటివాళ్ల పాపపుణ్యాలు లెక్కగట్టేముందు ఈ శాసనం చదవాలి.

ఇప్పటి సంగతి వేరు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఎవరు వైద్యం చేయవచ్చో చెబుతుంది గానీ ఫీజుల జోలికి పోదు. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద ఆసుపత్రులు రేట్లు కనబడేలా పెట్టాలి. అది మనుషుల వైద్యానికే. డాక్టర్ల మీద కోపం పెట్టుకోవడమూ న్యాయం కాదు. అద్దె, ల్యాబ్, స్కానింగ్ యంత్రం అన్నీ ఆ ఫీజులోంచే రావాలి.

బ్రిటన్‌లో 2016–2023 మధ్య పశువైద్యం ధరలు సగటున 63 శాతం పెరిగాయని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ తేల్చింది. ధరల పట్టికను బయటపెట్టాలని 2025 అక్టోబరులో ప్రతిపాదించింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనూ అదే కావాలి. మొదటి రోజే ఖర్చు అంచనా కాగితం మీద ఇస్తే, చేతనైన వైద్యం ఏదో డాక్టరూ ఇంటివాళ్లూ కలిసి తేల్చుకోగలరు. డబ్బు చాలక మధ్యలో సెలైన్ తీయించుకుని ఇంటికి తీసుకుపోయే గతి కొందరికైనా తప్పుతుంది.